స్వింగ్ రాష్ట్రం గెలవాలంటే రన్నింగ్ మేట్‌ను ఎలా ఎంచుకోవాలి?

నాలుగేళ్లకోసారి జులై, ఆగస్టు వచ్చేసరికి అమెరికాలో ఒకటే చర్చ నడుస్తుంది, ఫలానా గవర్నర్‌ని ఉపాధ్యక్ష అభ్యర్థిగా, అంటే రన్నింగ్ మేట్‌గా పెట్టుకుంటే ఆయన రాష్ట్రం మన ఖాతాలో పడుతుందా పడదా అని. 2024లో కమలా హారిస్ పెన్సిల్వేనియా గవర్నర్ జోష్ షాపిరోని పక్కనపెట్టి మిన్నెసోటా గవర్నర్ టిమ్ వాల్జ్‌ని తీసుకున్నప్పుడు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఇదే గొడవ. నవంబరులో పెన్సిల్వేనియా చేజారాక "అప్పుడే చెప్పాం కదా" అన్నవాళ్లకు లెక్కే లేదు.

నేను ఈ ఎన్నికలను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. పాత టికెట్లనీ (అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల జంటలనీ) రాష్ట్రాలవారీ ఫలితాలనీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిందేంటంటే, సొంత రాష్ట్రాన్ని తెచ్చిపెడతాడని తీసుకున్న మనిషి దాదాపు ఎప్పుడూ ఆ రాష్ట్రాన్ని తేలేదు. రాజనీతి శాస్త్రవేత్తలు పద్ధతిగా లెక్కలు కట్టి చూసినా సగటున ఆ ప్రభావం చాలా తక్కువని, ఒక్కోసారి సున్నాకి దగ్గరగా ఉందని తేల్చారు. అలాగని రాష్ట్రం సంగతి అసలు పట్టించుకోవద్దని కాదు. రేపు మీరే అభ్యర్థి పక్కన కూర్చుని సలహా ఇవ్వాల్సి వస్తే ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

1. పేర్లు తర్వాత, ముందు లెక్క వేయండి

అధ్యక్షుణ్ని తేల్చేది రాష్ట్రాలవారీగా పంచిన ఎలక్టోరల్ ఓట్లు. అవి మొత్తం 538, గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా అన్నిచోట్లా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం ఓట్లన్నీ మీవే. అందుకే ఎటూ తేలని స్వింగ్ రాష్ట్రాల మీదే అందరి కళ్లూ ఉంటాయి. 2024లో అవి ఏడు: పెన్సిల్వేనియా 19, జార్జియా 16, నార్త్ కరోలినా 16, మిషిగన్ 15, అరిజోనా 11, విస్కాన్సిన్ 10, నెవాడా 6.

ఇప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆ రాష్ట్రంలో తేడా నిజంగా ఒకటి రెండు శాతంలోపే ఉందా? ఉంటే, ఆ ఒక్క రాష్ట్రం గెలిస్తే సరిపోతుందా? ఈ రెండో ప్రశ్ననే చాలామంది మర్చిపోతారు. 2024లో హారిస్‌కు వచ్చినవి 226 ఓట్లు. షాపిరోని తీసుకుని ఉంటే పెన్సిల్వేనియా గెలిచేవారనే అనుకుందాం, 226కి 19 కలిపితే 245. అప్పటికీ ఓటమే. ఆమెకు కావాల్సింది పెన్సిల్వేనియాతో పాటు మిషిగన్, విస్కాన్సిన్ కూడా. ఆ మూడూ కలిపితే 44, అప్పుడు సరిగ్గా 270. మరి మూడు రాష్ట్రాల్లోనూ అక్కరకొచ్చే మనిషిని వెతకాల్సిన చోట ఒక్క రాష్ట్రపు మనిషి గురించి అంత వాదించుకోవడంలో అర్థం ఉందా? వాల్జ్‌ని తీసుకోవడం వెనక కొంతవరకు ఆ ఆలోచన ఉంది. ఆయన విస్కాన్సిన్‌కి పక్క రాష్ట్రం వాడు, స్కూల్లో పాఠాలు చెప్పినవాడు, ఫుట్‌బాల్ కోచ్‌గా చేసినవాడు, ఆ ప్రాంతపు మామూలు మనిషిలా కనిపిస్తాడు. కానీ ధరలమీద కోపంగా ఉన్న జనం ముందు అదీ పనిచేయలేదు, ఏడుకి ఏడూ పోయాయి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. 2000లో ఫ్లోరిడా. దాదాపు 60 లక్షల ఓట్లు పోలైతే రిపబ్లికన్ అభ్యర్థి జార్జ్ బుష్ మెజారిటీ 537. 25 ఎలక్టోరల్ ఓట్లున్న ఆ ఒక్క రాష్ట్రం అటో ఇటో అయితే దేశమే అటో ఇటో అయ్యేది. అప్పట్లో ఫ్లోరిడాలో మంచి పట్టున్న సెనేటర్ బాబ్ గ్రాహమ్ పేరు కూడా వినిపించింది, కానీ డెమొక్రాట్ అభ్యర్థి ఆల్ గోర్ కనెక్టికట్ సెనేటర్ జో లీబర్‌మన్‌ని తీసుకున్నారు. ఆ రోజు గ్రాహమ్ ఉంటే ఒక వెయ్యి ఓట్లు తెచ్చేవాడు కాదా అంటే, తెచ్చేవాడనే నేనూ అనుకుంటాను. కాకపోతే తేడా 537 ఓట్లే ఉంటుందని జులైలో ఎవరికి తెలుసు?

2. రాజ్యాంగం ఒప్పుకుంటుందో లేదో చూడండి

ఇది చిన్న పనే, కానీ ముందే తేల్చుకోవాలి. ఉపాధ్యక్షుడికి కూడా అధ్యక్షుడికి ఉండాల్సిన అర్హతలే ఉండాలి: పుట్టుకతో పౌరసత్వం, 35 ఏళ్ల వయసు, 14 ఏళ్ల నివాసం. మిషిగన్‌లో రెండుసార్లు గవర్నర్‌గా గెలిచిన జెన్నిఫర్ గ్రాన్‌హోమ్ పుట్టింది కెనడాలో కాబట్టి ఆవిడ పేరు ఏ జాబితాలోనూ పెట్టలేరు.

రెండోది, 12వ సవరణ ప్రకారం ఒక రాష్ట్రపు ఎలక్టర్లు (ఆ రాష్ట్రం తరఫున ఎలక్టోరల్ ఓట్లు వేసేవాళ్లు) అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ఇద్దరికీ సొంత రాష్ట్రం వాళ్లకే ఓటు వేయకూడదు. 2000లో బుష్, ఆయన రన్నింగ్ మేట్ చేనీ ఇద్దరూ టెక్సస్‌లోనే ఉంటున్నారు. టెక్సస్ ఓట్లు 32, బుష్ మొత్తం గెలిచింది 271తో. అందుకే చేనీ ముందుగానే తన ఓటరు నమోదును పాత రాష్ట్రం వయోమింగ్‌కి మార్చుకున్నారు. 2024లో ట్రంప్‌కి మార్కో రూబియో పేరు అనుకున్నప్పుడు కూడా ఇదే చిక్కు, ఇద్దరిదీ ఫ్లోరిడానే.

3. ఆ మనిషికి సొంత రాష్ట్రంలో ఎంత పట్టుందో నిక్కచ్చిగా తూకం వేయండి

మనవాళ్లు ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇక్కడ చూడాల్సింది ఆ ఇల్లు ఎంత పెద్దది అన్నది. 2012లో మిట్ రామ్నీ విస్కాన్సిన్ నుంచి పాల్ ర్యాన్‌ని తీసుకున్నారు. ర్యాన్ అప్పటికే ఎన్నోసార్లు గెలిచినవాడే, కానీ ఎక్కడ? విస్కాన్సిన్‌లోని ఎనిమిది కాంగ్రెస్ నియోజకవర్గాల్లో ఒకదాంట్లో. రాష్ట్రమంతా తిరిగి ఓటు అడిగిన అనుభవమే లేదు. ఫలితం ఏమైంది? రామ్నీ దాదాపు 7 శాతం తేడాతో ఆ రాష్ట్రంలో ఓడారు, ర్యాన్ సొంత ఊరు జేన్స్‌విల్ ఉన్న రాక్ కౌంటీ కూడా ఒబామాకే పడింది. అదే రోజు ర్యాన్ మాత్రం తన కాంగ్రెస్ సీటు మళ్లీ గెలుచుకున్నాడు.

2004లో జాన్ కెర్రీ నార్త్ కరోలినా సెనేటర్ జాన్ ఎడ్వర్డ్స్‌ని తీసుకున్నారు. అంతకు ముందు ఎన్నికల్లో ఆ రాష్ట్రంలో గోర్‌కి వచ్చింది 43 శాతం, ఎడ్వర్డ్స్‌ని పక్కన పెట్టుకుని తిరిగిన కెర్రీకి వచ్చిందీ సుమారుగా అంతే. నాలుగేళ్ల తర్వాత సొంత రాష్ట్రపు మనిషి టికెట్‌లో ఉన్నా ముల్లు కదల్లేదు.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది మాత్రం 1988. డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి డుకాకిస్ టెక్సస్ కోసమే సెనేటర్ లాయిడ్ బెంట్సన్‌ని తెచ్చుకున్నారు. టెక్సస్ చట్టం ప్రకారం ఒకే రోజు సెనేట్‌కీ ఉపాధ్యక్ష పదవికీ పోటీ చేయొచ్చు, 1960 ఎన్నికల్లో లిండన్ జాన్సన్‌కి పనికొచ్చేలా 1959లో తెచ్చిన వెసులుబాటు అది. ఓటర్ల చేతిలో ఒకే బ్యాలెట్, అందులో బెంట్సన్ పేరు రెండు చోట్ల. సెనేటర్‌గా ఆయన్ని దాదాపు 59 శాతం ఓట్లతో గెలిపించారు, అదే చేత్తో డుకాకిస్‌ని 12 శాతానికి పైగా తేడాతో ఓడించారు. బెంట్సన్ మీద ప్రేమ లేక కాదు, వాళ్లు ఓటేసేది పై పేరును చూసి.

కాబట్టి తూకం ఇలా వేయండి. రాష్ట్రం మొత్తం మీద గెలిచాడా, ఎన్నిసార్లు? ఈ మధ్యే గెలిచాడా, పాతికేళ్ల కిందటా? అవతలి పార్టీకి వేసేవాళ్లు కూడా ఆయనకు ఓటేశారా? ఈ పరీక్షలో షాపిరోకి మంచి మార్కులే పడతాయి, 2022లో దాదాపు 15 శాతం తేడాతో గెలిచాడు. ఇన్నీ ఉన్నా ఒక శాతానికి మించి ఆశ పెట్టుకోకండి.

అయితే జాన్సన్ టెక్సస్ గెలిపించాడు కదా అని మీరు అడగొచ్చు. గెలిపించాడు, 1960లో కెన్నెడీకి అక్కడ దాదాపు 46 వేల మెజారిటీ, 24 ఎలక్టోరల్ ఓట్లు. కానీ జాన్సన్ ఎవరు? సెనేట్‌లో మెజారిటీ నాయకుడు, దక్షిణాది పార్టీ యంత్రాంగమంతా ఆయన గుప్పిట్లో ఉండేది. ఆ అక్టోబరులో రైలెక్కి, దక్షిణాది రాష్ట్రాల గుండా ఊరూరా ఆగుతూ, బోస్టన్ నుంచి వచ్చిన క్యాథలిక్ అభ్యర్థికి మీరు భయపడక్కర్లేదని చెబుతూ న్యూ ఓర్లీన్స్ దాకా వెళ్లాడు. అంత పట్టున్న మనిషి దొరికితే తప్పకుండా తీసుకోండి. దొరకడు, అదే సమస్య.

4. ఆయన ఖాళీ చేసే కుర్చీ ఎవరికి పోతుంది?

సెనేటర్‌ని తీసుకుని గెలిస్తే ఆ సెనేట్ సీటు ఖాళీ అవుతుంది. చాలా రాష్ట్రాల్లో దాన్ని తాత్కాలికంగా నింపేది గవర్నర్. 2016లో ఒహాయో సెనేటర్ షెరాడ్ బ్రౌన్ పేరు వచ్చినప్పుడు డెమొక్రాట్లకు ఇదే టెన్షన్, అక్కడి గవర్నర్ రిపబ్లికన్. వర్జీనియాలో డెమొక్రాట్ గవర్నర్ ఉండటం అక్కడి సెనేటర్ టిమ్ కేన్‌కి కలిసొచ్చింది. గవర్నర్‌ని తీసుకుంటే ఆ కుర్చీలో కూర్చోబోయే లెఫ్టినెంట్ గవర్నర్ ఏ పార్టీయో చూసుకోండి. ఇండియానాలో రెండు పదవులకూ ఒకేసారి పోటీ కుదరదు కాబట్టి 2016లో మైక్ పెన్స్ గవర్నర్ పోటీ వదులుకుని ట్రంప్ టికెట్‌లోకి వచ్చారు.

కేన్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఆయన సొంత రాష్ట్రాన్ని గెలిపించినవాళ్లలోనే ఉన్నారు. ఆయన్ని రన్నింగ్ మేట్‌గా తీసుకున్న హిల్లరీ క్లింటన్ వర్జీనియాని 5 శాతం తేడాతో గెలిచారు. కానీ అదే రోజు మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి 78 వేల లోపు ఓట్లతో పోయాయి. ఎటూ చేతిలో ఉన్న రాష్ట్రానికి మరో తాళం వేసి, వెనక తలుపు తెరిచి ఉంచినట్టయింది.

5. పాత కాగితాలన్నీ తిరగేయండి

ఈ పని ఒక్కరోజులో ముగించకండి. 1972లో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి మెక్‌గవర్న్ హడావిడిగా మిజోరీ సెనేటర్ థామస్ ఈగిల్టన్‌ని ఖాయం చేశారు. ఈగిల్టన్ గతంలో డిప్రెషన్‌తో ఆస్పత్రిలో చేరి షాక్ చికిత్స తీసుకున్న విషయం ఆ తర్వాత బయటికొచ్చింది, మూడు వారాలు కూడా గడవకముందే ఆయన తప్పుకోవాల్సి వచ్చింది. ఆ జబ్బు తప్పేమీ కాదు, అప్పటి సమాజం ఆ మనిషిని చూసిన తీరు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. కానీ అభ్యర్థికి ముందే తెలియకపోవడం, మొదట వెనకేసుకొచ్చి తర్వాత వదిలేయడం మాత్రం ఘోరంగా దెబ్బతీశాయి. నవంబరులో మెక్‌గవర్న్‌కి దక్కినవి మసాచుసెట్స్, రాజధాని వాషింగ్టన్, అంతే. అందుకే 1976లో కార్టర్ తీరిగ్గా ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడి మాండేల్‌ని ఎంచుకున్నారు, ఆ పద్ధతినే ఇప్పుడూ అందరూ పాటిస్తున్నారు. పన్ను పత్రాలు, ఆరోగ్యం, పాత ప్రసంగాలు, కుటుంబం వ్యాపారాలు, అన్నీ అడగండి. మొహమాటపడితే ఆ ప్రశ్నే అక్టోబరులో అవతలి పార్టీ అడుగుతుంది.

6. మావాడు అన్న అభిమానాన్ని ఓటు అనుకోకండి

ఇది మన తెలుగువాళ్లకు బాగా దగ్గర విషయం. 2024 జులైలో మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ పార్టీ సభలో ట్రంప్ రన్నింగ్ మేట్ జె.డి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి స్టేజి మీదకు వచ్చినప్పుడు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో పండగే. అట్లాంటా శివార్లలో ఉన్న మనవాళ్లూ, నార్త్ కరోలినాలో ఉన్న మనవాళ్లూ ఫోటోలు పంచుకున్నారు. అందులో తప్పేముంది, నాకూ సంతోషమేసింది. కానీ ఇంటి పేరు చూసి మురిసిపోవడం వేరు, గ్రీన్ కార్డు క్యూ, ఇంటి లోను వడ్డీ, పిల్లల స్కూలు చూసుకుని ఓటేయడం వేరు. ఆడవాళ్ల ఓట్ల కోసం 1984లో అధ్యక్ష అభ్యర్థిగా నిలబడ్డ మాండేల్ న్యూయార్క్ నుంచి జెరాల్డిన్ ఫెరారోని తెచ్చుకున్నారు, చివరికి న్యూయార్క్ రాష్ట్రమే పోయింది.

7. ఈయనే రేపు అధ్యక్షుడైతే? అని అడగండి

నా వరకు అసలు మెట్టు ఇదే. తొమ్మిది మంది ఉపాధ్యక్షులు మధ్యలోనే అధ్యక్షులయ్యారు, ఎనిమిది మంది అధ్యక్షుడి మరణం వల్ల, ఒకరు రాజీనామా వల్ల. ఓటరుకు ఇది తెలుసు. రన్నింగ్ మేట్‌ని చూసి ఓటరు తూచేది పై అభ్యర్థి తెలివినే, ఇంత పెద్ద నిర్ణయం ఇంత బాగా తీసుకున్నాడా లేదా అని. పెన్సిల్వేనియా ఓటరూ అరిజోనా ఓటరూ ఒకేలా వేసే ప్రశ్న ఇది. 2008లో మెకెయిన్ తన 72వ పుట్టినరోజున, గవర్నర్‌గా రెండేళ్లు కూడా నిండని సారా పేలిన్‌ని ప్రకటించారు. మొదట సభలు కిటకిటలాడాయి, తర్వాత నాకే అనుభవం ఎక్కువని మెకెయిన్ చెప్పుకోలేని పరిస్థితి వచ్చింది. అదే ఏడాది, విదేశీ వ్యవహారాల్లో తన అనుభవం మీద ఉన్న అనుమానం పోవడానికి ఒబామా బైడెన్‌ని తీసుకున్నారు. డెలావేర్‌కి ఉన్న ఓట్లు మూడు, అవీ ఎటూ ఒబామావే.

2000 నుంచి గెలిచి కొత్తగా ఉపాధ్యక్షులైనవాళ్ల రాష్ట్రాలు చూడండి: వయోమింగ్, డెలావేర్, ఇండియానా, కాలిఫోర్నియా, ఒహాయో. ఆయా ఎన్నికల్లో వీటిలో ఒక్కటీ హోరాహోరీ రాష్ట్రం కాదు. రాష్ట్రం కోసం వెతకకుండా తమలో ఉన్న లోటు కోసం వెతికారు వాళ్లు.

8. ఎంచుకున్నాక ఎక్కడికి పంపాలో ముందే రాసుకోండి

హారిస్, వాల్జ్‌లకు చేతిలో ఉన్నది ఆగస్టు 6 నుంచి నవంబరు 5 దాకా, మూడు నెలలు. ముందస్తు ఓట్లు, పోస్టల్ బ్యాలెట్లు తీసేస్తే ఇంకా తక్కువ. అభ్యర్థి పెద్ద నగరాలకు వెళ్తే రన్నింగ్ మేట్‌ని పెన్సిల్వేనియాలోని ఈరీకి, విస్కాన్సిన్‌లోని గ్రీన్ బేకి, మిషిగన్‌లోని సాగినాకి పంపండి. తేడా పదిఇరవై వేల ఓట్లే ఉండే రాష్ట్రాల్లో, 2020లో జార్జియా తేలింది 11,779 ఓట్లతో, గెలవలేని కౌంటీలో కూడా ఓటమి తేడా తగ్గించుకోవడం పెద్ద పని. ఉపాధ్యక్ష అభ్యర్థుల డిబేట్ సాధారణంగా ఒక్కటే ఉంటుంది కాబట్టి దానికి వారం రోజులు పక్కన పెట్టండి. మిగతా రోజుల్లో ఆయన్ని సొంత రాష్ట్రంలో కూర్చోబెట్టకండి. అక్కడివాళ్లకు ఆయనేంటో ఎప్పుడో తెలుసు.