కస్టమైజ్డ్ లేసిక్: మిషన్ పేరు కాదు, కంటి పటం చూడండి

శ్రీకాకుళం, విజయనగరం నుంచి లేసిక్‌తో (లేసర్‌తో నల్లగుడ్డు చెక్కి కళ్లజోడు పవర్ తీసే ఆపరేషన్) సైట్ తీయించుకోవడానికి విశాఖ బస్సెక్కేవాళ్లు ముందుగా అడిగేది ‘ఏ మిషనండీ, ఎంతవుతాది?’ అనే. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: ‘నా కంటికి ఎన్నిసార్లు కొలత తీశారు, అవన్నీ ఒకదానితో ఒకటి కలిశాయా?’ లేసర్‌కి సొంత బుద్ధి లేదు. మనమిచ్చిన పటం ప్రకారం చెక్కుకుంటూ పోతుంది. పటం తప్పైతే ఆ తప్పునే నల్లగుడ్డు మీద చెక్కుతుంది.

మామూలు లేసిక్‌లో కళ్లజోడు చీటీలో ఉన్న పవరే ఆధారం. కస్టమైజ్డ్‌లో దానికి తోడు కంటి పటం కూడా చేరుతుంది. ఒక రకం పటం కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) పైభాగంలో ఎక్కడ గుట్టలా ఉంది, ఎక్కడ చదునుగా ఉంది అన్నది రంగుల్లో చూపిస్తుంది: ఎరుపు నిటారు, నీలం చదును. రెండో రకం కంట్లోకి వెలుగు పంపి, తిరిగొచ్చేటప్పుడు అది ఎక్కడెక్కడ వంకర తిరిగిందో కొలుస్తుంది. సిలిండర్ పవర్ (ఒక్కో దిక్కున ఒక్కోలా ఉండే పవర్) ఎక్కువున్నవాళ్లకి, కార్నియా ఎగుడుదిగుడుగా ఉన్నవాళ్లకి ఈ పద్ధతి నిజంగా అక్కరకొస్తుంది. నున్నటి కార్నియా, మైనస్ 2 లాంటి చిన్న పవర్ ఉన్న కంటికి తేడా పెద్దగా తెలియదు. అలాంటప్పుడు ‘కస్టమ్’ పేరుతో అదనంగా ఎందుకు కట్టాలో నిలదీసి అడగండి.

పరీక్షకి ముందు చేయాల్సిన పని ఇంట్లోనే మొదలవుతుంది. మెత్తటి కాంటాక్ట్ లెన్స్‌లు 2 వారాలు, గట్టివి కనీసం 4 వారాలు తీసేయాలి. లెన్స్ కార్నియాని తన ఆకారానికి నొక్కేస్తుంది, అది సర్దుకోకముందే తీసిన పటం మీ కంటిది కాదు, లెన్స్‌ది. పాత చీటీలు వెంట తీసుకెళ్లండి. ఏడాదిలో పవర్ 0.5 కంటే మారి ఉంటే ఆగాలి. 18 నిండాలి, 21 దాటితే ఇంకా మేలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆగడమే మంచిది.

కొలతలు తీసేటప్పుడు చెడగొట్టేది ఎక్కువగా కన్నీటి పొర. రైస్‌మిల్లు ఊక ధూళిలో, పలాస జీడిపిక్కల పొగలో పనిచేసేవాళ్లకి, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి కళ్లు పొడిబారి ఉండటం మామూలే. పొర ఎండినచోట పటంలో లేని గుంట కనిపిస్తుంది. అందుకే గడ్డం ఆనించాక రెండుసార్లు రెప్ప కొట్టి, కన్ను విప్పి, కదలకుండా ఉండాలి. కంటికి మూడు నాలుగు పటాలు తీయాలి, అవి ఒకేలా రావాలి. రాకపోతే కొన్ని వారాలు కన్నీటి చుక్కలు వేసుకుని మళ్లీ తీయించుకోవాలి. కంటిపాప పెద్దది చేసే చుక్కలు పటాలన్నీ అయ్యాకే వేయించుకోండి. ఆ రోజు బండి నడిపి వెనక్కి రావద్దు, చూపు మసకగా ఉంటుంది.

ఇక మందం లెక్క. ఇది మీరే వేసుకోవచ్చు. 6.5 మిల్లీమీటర్ల వెడల్పున చెక్కితే ఒక్కో పవర్‌కి దాదాపు 14 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పోతాయి. కార్నియా 530, పవర్ మైనస్ 5 అనుకోండి. చెక్కేది 70, పైపొర మూత (చెక్కేముందు కోసి పైకెత్తే పలుచటి పొర) 110, మొత్తం 180. అడుగున 350 మిగులుతుంది, మొత్తం మందంలో కదిపింది 34 శాతం. బాగానే ఉంది. అదే 490 మందం, మైనస్ 7 అయితే 98కి 110 కలిపి 208. మిగిలేది 282, శాతం 42 దాటింది. అడుగున 250 తప్పనిసరి, చాలామంది డాక్టర్లు 300 కావాలంటారు. 40 శాతం దాటితే కార్నియా బలహీనపడి తర్వాత ముందుకు ఉబికే ప్రమాదం పెరుగుతుంది. కస్టమ్‌లో ఎగుడుదిగుడు సర్దడానికి ఇంకొన్ని మైక్రాన్లు పోవచ్చు, అదీ ఈ లెక్కలోకే వేయాలి. పటంలో కిందివైపు ఎర్రమచ్చ ఉంటే, కళ్లు నలుపుకునే అలవాటుంటే, ఇంట్లో ఎవరికైనా కెరటోకోనస్ (కార్నియా పలచబడి ముందుకు ఉబికే జబ్బు) ఉంటే ముందే చెప్పేయండి. అలాంటి కంటికి ‘వద్దు’ అనే డాక్టరే మంచి డాక్టరు.

మందం చాలకపోతే మూత కోయకుండా పైచర్మం గీరి చేసే పీఆర్‌కే ఉంది. నొప్పి ఎక్కువ, కట్టులా పెట్టే లెన్స్ 4, 5 రోజులుంటుంది, చూపు కుదురుకోవడానికి వారాలు పడుతుంది.

రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ రాసేవాళ్లు మాత్రం ఆగండి. లేసిక్ చేయించుకుంటే ఆ పోస్టుకి వైద్య పరీక్షలో పనికిరారు. ఆర్మీ, పోలీసు అయితే ఆ ఏడాది నోటిఫికేషన్‌లో వైద్య నియమాలు చదివాకే డబ్బు కట్టండి.

ఆపరేషన్ రోజు సెంటు, డియోడరెంట్ వద్దు, ఆవిరి లేసర్‌కి అడ్డు. కాటుక ముందు రోజుల నుంచే మానాలి. తలస్నానం చేసి వెళ్లండి. పడుకోకముందే, కూర్చుని ఉండగా, కంటి మీద గుర్తు పెడతారు లేదా కంటిపాప చుట్టూ ఉన్న రంగు వలయం గీతలతో మిషన్ సరిచూస్తుంది. పడుకున్నప్పుడు కన్ను కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. 4 డిగ్రీలు తప్పితే సిలిండర్‌లో 14 శాతం మిగిలిపోతుంది, 10 తప్పితే మూడో వంతు.

మత్తు చుక్కలు వేశాక రెప్పలకి క్లిప్పు పెడతారు. కన్ను కదలకుండా పీల్చి పట్టుకునే రింగు అదిమినప్పుడు చూపు నల్లబడుతుంది, కంగారుపడి కన్ను బిగించారా, పట్టు జారుతుంది, అప్పుడు ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. మూత ఎత్తాక మసక మసకగా ఒక వెలుగు మినుకుతుంది. దాన్నే చూడండి. టకటక శబ్దం, వెంట్రుక కాలిన వాసన. అది కాలడం కాదు, 193 నానోమీటర్ల కిరణం అణువుల్లోని బంధాలు తెంచడం. మనదేశంలో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ 1981లో ఐబీఎం ప్రయోగశాలలో కనిపెట్టిందే ఇది. పవర్‌ని బట్టి కంటికి కొన్ని సెకన్ల నుంచి నిమిషం లోపే పని.

ఆ రాత్రి విశాఖలోనే ఉండండి. మర్నాటి పరీక్ష మానొద్దు, మూత ముడత పడినా, కింద వాపొచ్చినా అప్పుడే దొరుకుతుంది. మొదటి నాలుగైదు గంటలు మంట, నీరు కారడం సహజం. మర్నాడు నొప్పి పెరిగినా, చూపు తగ్గినా అది సహజం కాదు. వెంటనే వెళ్లాలి. వారం రోజులు రాత్రి కంటి కప్పులు పెట్టుకోవాలి, కన్ను నలపకూడదు, తలమీద నీళ్లు పోసుకోకూడదు. కళింగపట్నం సముద్రంలోకి, నాగావళిలోకి నెల దాకా దిగొద్దు. బస్సులో కిటికీ సీటు వదిలేయండి. స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు చెప్పిన తేదీకే ఆపాలి, మిగిలాయని వాడుకుంటే కంటిలో ఒత్తిడి పెరగొచ్చు. కన్నీటి చుక్కలు మాత్రం మూడు నెలలైనా పడతాయి.

నలభై దాటాక చదువుకునే అద్దాలు వస్తాయి, లేసిక్ చత్వారాన్ని ఆపదు. శుక్లం ఆపరేషన్‌కి లెన్స్ లెక్కించేటప్పుడు ఈ పాత పటాలు బాగా పనికొస్తాయి. అందుకే ఆపరేషన్‌కి ముందు తీసిన పటం, మందం, పవర్ ఉన్న కాగితాలు అడిగి తీసుకుని, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, అసలు కాగితాలు ఇంటి పట్టాల సంచీలో వేయండి.