మ్యాపులు సరిగ్గా లేనిచోట వాగుకు వచ్చే వరదను లెక్కగట్టడం

చిన్న వాగుల మీద గేజీ (నీటి మట్టం కొలిచే ఏర్పాటు) దాదాపుగా ఉండదు. చేతిలో ఉండేవి మూడే: సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటు, ఉచితంగా దొరికే 30 మీటర్ల ఎత్తుల డేటా, దగ్గరి వర్షమాపకం. వీటితో పని నడుస్తుంది. కాకపోతే తప్పు ఫార్ములాలో కన్నా పరీవాహక హద్దులోనే (వాగులోకి నీళ్లు వచ్చే ప్రాంతపు గీత) ఎక్కువ జరుగుతుంది, సగం సమయం దానికే పెట్టండి.

టోపోషీటులో కాంటూరు గీతల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. వికారాబాద్ గుట్టల్లో అది చాలు. ఘట్‌కేసర్ వైపు చదునులో నీళ్లు ఎక్కడ విడిపోతాయో ఆ గీతలను బట్టి తేల్చలేం. ఆ ఉచిత డేటాలో ఒకటైన ఎస్ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన) ఎత్తులు 2000 ఫిబ్రవరి నాటివి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు కట్ట అందులో లేదు, చెట్ల తలలు, ఇళ్ల కప్పులు మాత్రం నేలలా కనిపిస్తాయి. క్యూజీఐఎస్‌ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో గుంతలు పూడ్చే పని నేరుగా నడిపితే క్వారీ గోతులు, చెరువు శిఖాలు (నీళ్లు నిలిచే నేల) బల్లపరుపై, వాగు పక్క పరీవాహకంలోకి దూరుతుంది. అందుకే ముందు శాటిలైట్ బొమ్మ మీద వాగును చేత్తో గీసి, ఆ గీత వెంట ఎత్తును 5 మీటర్లు తగ్గించి, ఆ తరువాతే హద్దు తీయండి. చివరికి బండి మీద వెళ్లి ప్రతి కల్వర్టు దగ్గర నీళ్లు ఎటు పారుతాయో చూడాల్సిందే. గొర్రెల కాపరిని అడగండి, మ్యాపు కన్నా నికరంగా చెబుతాడు.

ఇక కర్వ్ నంబర్ (సీఎన్): వానలో ఎంత భాగం పారుతుందో చెప్పే అంకె, ఎక్కువైతే ఎక్కువ పారుతుంది. నేలలను నీరు ఇంకే తీరును బట్టి ఎ నుంచి డి వరకు గ్రూపులు చేస్తారు, డిలో అతి తక్కువ ఇంకుతుంది. బండ దగ్గరగా ఉన్న చలక నేలను సి గ్రూపు అనుకోండి, నల్లరేగడి డి. ఉదాహరణకు సి గ్రూపులో 12 చదరపు కిలోమీటర్లు: సాగు 5 (సీఎన్ 90), బీడు 3 (85), పొదలు 1 (64), కాలనీలు 3 (90). విస్తీర్ణాన్ని బట్టి సగటు 86.6.

ఎస్ (నేల పట్టుకోగల గరిష్ఠ నీరు) = 25400 ÷ 86.6 − 254 = 39 మి.మీ.
ప్రవాహం = (వర్షం − 0.3ఎస్)² ÷ (వర్షం + 0.7ఎస్)

100 మి.మీ. వానకు 61 మి.మీ. పారుతుంది, అంటే 7.3 లక్షల ఘనపు మీటర్లు, సుమారు 26 ఎంసీఎఫ్‌టీ (మిలియన్ ఘనపుటడుగులు). అంతకుముందు 5 రోజుల్లో 53 మి.మీ. దాటి కురిసి ఉంటే సీఎన్ 94కు ఎగబాకుతుంది, అదే వానకు 81 మి.మీ. పారుతుంది. తడిసిన నల్లరేగడికి 0.3 బదులు 0.1, 0.7 బదులు 0.9 వాడండి. వానను ఒక్క కేంద్రం అంకెతో సరిపెట్టకండి: 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు పడింది, హైదరాబాద్ అంతా అంత పడలేదు.

ఇక్కడే చాలామంది మరిచేది గొలుసుకట్టు చెరువులు. 30 హెక్టార్ల శిఖం, మత్తడి మట్టం దగ్గర 3 మీటర్ల లోతు ఉన్న చెరువులో విస్తీర్ణం × లోతు ÷ 3 చొప్పున 3 లక్షల ఘనపు మీటర్లు పడతాయి. జూన్‌లో ఖాళీగా ఉంటే, దాని పైభాగం నుంచి వచ్చే నీటిలో అంత మేర అక్కడే ఆగిపోతుంది. సెప్టెంబరులో మత్తడి దూకుతుంటే ఏమీ ఆగదు. కట్ట తెగే అవకాశాన్ని విడిగా లెక్కించాలి.

గరిష్ఠ వరదకు సమయం కావాలి. వాగు పొడవు 6 కి.మీ., వాలు 0.01 అయితే (పొడవు, వాలును బట్టి సమయం చెప్పే) కిర్పిచ్ సూత్రం ప్రకారం నీరు చివరికి చేరడానికి 93 నిమిషాలు, అంటే 1.55 గంటలు. వాన 2 గంటలు కురిస్తే శిఖర సమయం (వాన మొదలైనప్పటి నుంచి వరద గరిష్ఠానికి చేరేదాకా) 2÷2 + 0.6×1.55 = 1.93 గంటలు. గరిష్ఠం 0.208×12×61÷1.93, సుమారు 79 క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు); ఇందులో 12 విస్తీర్ణం, 61 పారే నీరు. చెరువుల్లో ఆగే నీటిని ఇందులో తీసివేయలేదు.

దీన్ని కల్వర్టు గోడ మీది వరద మరకతో సరిచూడండి. మరక వరకు వాగు అడ్డుకోత విస్తీర్ణం 32 చ.మీ., తడి చుట్టుకొలత (అడ్డుకోతలో నీరు తాకే అడుగు, గట్ల పొడవు) 20 మీటర్లు, వాలు 0.004, మానింగ్ ఎన్ (వాగు గరుకుదనం అంకె) 0.04 అయితే మానింగ్ సూత్రం ప్రకారం దాదాపు 69 క్యూమెక్కులు వస్తుంది. తుమ్మలు నిండి ఎన్ 0.05 అయితే 55కు పడిపోతుంది. రెట్టింపు తేడా వస్తే సీఎన్ జోలికి వెళ్లకండి. మరక ఏ వానదో కనుక్కుని, హద్దును మళ్లీ నడిచి చూడండి.