గేట్‌వే మీద పచ్చ లైటు ఉంది, వాల్యూ మాత్రం కదలట్లేదు: సమస్య - పరిష్కారం

ఫోన్‌లో మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "గేట్‌వే పోయినట్టుంది సార్, కొత్తది పెట్టాలి." నేను అడిగేదీ ఒకటే: "గేట్‌వేని పక్కన పెట్టి, ల్యాప్‌టాప్‌తో నేరుగా ఆ మీటర్‌ని చదివి చూశారా?" అవతల కాసేపు మాట ఉండదు. చూడలేదన్నమాట.

గేట్‌వే అంటే ఒకే డబ్బాలో ఉన్న రెండు పరికరాలు. పైవైపు అది పీఎల్‌సీకి (యంత్రాలను నడిపే కంట్రోలర్‌కి) ఒక ప్రొఫినెట్ డివైస్, అంటే ఈథర్‌నెట్ కేబుల్ మీద నడిచే ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌లో ఒక పరికరం. కిందవైపు మీటర్లకు, డ్రైవ్‌లకు (మోటారు వేగాన్ని నడిపే పరికరాలకు) మోడ్‌బస్ ఆర్‌టీయూ మాస్టర్, అంటే సీరియల్ లైను మీద ప్రశ్నలు అడిగేది; జవాబిచ్చే పరికరాలు స్లేవ్‌లు. మధ్యలో కొంచెం మెమరీ. కిందవైపు తను చదివింది ఆ మెమరీలో పెడుతుంది, పైవైపు అక్కడున్నది తీసుకుని పీఎల్‌సీకి ఇస్తుంది. ఒకదాని పని రెండోదానికి తెలియదు. అందుకే ఒక వైపు బాగుందంటే రెండో వైపూ బాగుందని అనుకోకూడదు. ఈ ప్రొఫినెట్-మోడ్‌బస్ జంటనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. పైన ఈథర్‌నెట్ ఐపీ, ప్రొఫిబస్ లాంటి వేరే నెట్‌వర్క్ ఉన్నా లెక్క ఇదే.

అన్నిటికన్నా ముందు

గేట్‌వే సీరియల్ కనెక్టర్ పీకేయండి. ఆర్‌టీయూ లైను మీద ఇద్దరు మాస్టర్లు ఉంటే ఎవరి మాటా ఎవరికీ అర్థం కాదు. యూఎస్‌బీ నుంచి ఆర్‌ఎస్-485 (ఆ సీరియల్ లైను రకం) కన్వర్టర్ పెట్టి, ల్యాప్‌టాప్‌లో ఏదైనా మోడ్‌బస్ మాస్టర్ సాఫ్ట్‌వేర్‌తో ఒక్క స్లేవ్ నుంచి ఒక్క రిజిస్టర్ (వాల్యూ ఉండే గడి) చదవండి. ల్యాప్‌టాప్‌కి పలకని మీటర్ గేట్‌వేకీ పలకదు. పలికితే అడ్రస్, బాడ్ రేటు (లైను వేగం), పారిటీ (తప్పు పట్టే అదనపు బిట్), ఫంక్షన్ కోడ్ (ఏ పని అడుగుతున్నామో చెప్పే నంబరు), రిజిస్టర్ నంబరు, వచ్చిన వాల్యూ అన్నీ కాగితం మీద రాసుకుని, గేట్‌వే కాన్ఫిగరేషన్‌లో అక్షరం పొల్లుపోకుండా అవే పెట్టండి. పది నిమిషాల పని. ఇది మానేసి రెండు రోజులు కాన్ఫిగరేషన్ ఫైళ్లు మార్చి మార్చి ఎక్కించిన వాళ్లను చూశాను.

పీఎల్‌సీకి గేట్‌వే కనబడట్లేదు

ప్రొఫినెట్‌లో పింగ్ (పలకరింపుకు జవాబు) వస్తోంది, అయినా బస్ ఫాల్ట్ (నెట్‌వర్క్ లోపం చూపే ఎర్ర లైటు) పోదు. ఇక్కడ పీఎల్‌సీ డివైస్‌ని వెతికేది పేరుతో. ప్రాజెక్టులో రాసిన పేరు, గేట్‌వేలో ఉన్న పేరు ఒక్క చుక్క తేడా లేకుండా కలవాలి. ఆన్‌లైన్‌లోకి వెళ్లి పేరు కేటాయించండి. పాతది తీసి కొత్తది పెట్టినప్పుడు ఈ పని మర్చిపోవడం మామూలే.

పేరు సరిపోయాక కూడా ఎర్ర లైటు ఉంటే సైజులు చూడండి. హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్‌లో 32 బైట్ల ఇన్‌పుట్ అని పెట్టి గేట్‌వేలో 20 బైట్లు పెడితే అది కలవదు. ఈథర్‌నెట్ ఐపీ అయితే అసెంబ్లీ ఇన్‌స్టన్స్ (డేటా బ్లాకుల) నంబర్లు, వాటి సైజులు చూడాలి. ప్రొఫిబస్ అయితే అడ్రస్‌తో పాటు కనెక్టర్ మీద టెర్మినేషన్ స్విచ్ (లైను చివర రెసిస్టర్‌ని కలిపేది) చూడాలి. అది లైను రెండు చివర్లలోనే ఆన్‌లో ఉండాలి. చాలా కనెక్టర్లలో మధ్యలో ఆన్ చేస్తే అక్కడి నుంచి ముందుకు లైను తెగిపోతుంది.

కింద ఒక్క స్లేవ్ కూడా పలకట్లేదు

ఏ, బీ వైర్లు తారుమారు చేసి చూడండి. ఒక కంపెనీ ఏ అన్నదాన్ని ఇంకో కంపెనీ బీ అంటుంది, కాబట్టి గుర్తులు చూసి వైరింగ్ కరెక్టేనని వాదించి లాభం లేదు. మార్చి చూస్తే పరికరానికి ఏమీ కాదు.

తర్వాత పారిటీ. మోడ్‌బస్ ప్రమాణం ప్రకారం డిఫాల్ట్ ఈవెన్, కానీ చాలా మీటర్లు నో పారిటీతో వస్తాయి. ఆ తర్వాత, డిప్ స్విచ్ (సెట్టింగులు పెట్టే చిన్న స్విచ్) మార్చాక మీటర్‌కి పవర్ ఆపి మళ్లీ ఇచ్చారా? చాలా పరికరాలు ఆ స్విచ్‌ని పవర్ వచ్చినప్పుడు ఒక్కసారే చదువుతాయి.

టెర్మినేషన్ సంగతి తేల్చుకోవడానికి అన్నిటికీ పవర్ తీసేసి ఏ, బీల మధ్య మల్టీమీటర్ పెట్టండి. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే దాదాపు 60 చూపిస్తుంది. 120 దగ్గర చూపిస్తే ఒక చివర లేదు. 40 అంటే మధ్యలో ఎవరో మూడోది పెట్టారు.

కొన్ని స్లేవ్‌లే పలుకుతుంటే ఒకే అడ్రస్ ఇద్దరికి ఉందేమో చూడండి. ఇద్దరూ ఒకేసారి జవాబిస్తే గేట్‌వేకి చేరేది సీఆర్‌సీ ఎర్రరే (మెసేజ్ చెడిపోయిందన్న గుర్తు).

ఎర్రర్ కోడ్ వస్తోంది

ఇది మంచి కబురు. స్లేవ్ మీ మాట విని, కాదని చెప్పిందంటే వైరింగ్, బాడ్ రేటు, పారిటీ అన్నీ సరిగ్గా ఉన్నట్టే. కోడ్ 2 అయితే రిజిస్టర్ అడ్రస్ తప్పు. మాన్యువల్‌లో 40001 అని రాసినది లైను మీద 0వ అడ్రస్‌గా వెళ్తుంది. కొన్ని గేట్‌వేలు ఆ 1 తామే తీసేస్తాయి, కొన్నిటిలో మీరే తీయాలి. కోడ్ 1 అయితే ఆ ఫంక్షన్‌ని స్లేవ్ ఒప్పుకోవట్లేదు. ఇన్‌పుట్ రిజిస్టర్ల కోసం 4తో అడగాల్సిన చోట 3తో అడుగుతున్నారేమో చూడండి. కోడ్ 11 మాత్రం స్లేవ్ ఇచ్చేది కాదు: మోడ్‌బస్ టీసీపీ (ఈథర్‌నెట్ మీద నడిచే మోడ్‌బస్) గేట్‌వేల నుంచి అది వస్తే గేట్‌వే బాగానే ఉంది, దాని కింద ఉన్న స్లేవ్ జవాబివ్వలేదని అర్థం. ఆ కోడ్ చూసి గేట్‌వే మార్చకండి.

కోడ్ ఏమీ రాకుండా అర్థంలేని అంకెలు వస్తుంటే అది చాలాసార్లు వర్డ్ ఆర్డర్ (16 బిట్ల ముక్కలు ఏ వరుసలో వస్తాయన్న) సమస్య. 230 వోల్టులు ఫ్లోట్‌లో (దశాంశ సంఖ్యను రెండు రిజిస్టర్లలో దాచే పద్ధతిలో), హెక్స్‌లో (16 గుర్తుల అంకెల్లో) రాస్తే 4366 0000. రెండు వర్డ్‌లూ తారుమారైతే 0000 4366 అవుతుంది, స్క్రీన్ మీద సున్నా కనిపిస్తుంది. వర్డ్ లోపల బైట్లు తారుమారైతే 6643 0000, అప్పుడు 24 అంకెల పెద్ద సంఖ్య వస్తుంది. గేట్‌వేలో గానీ పీఎల్‌సీలో గానీ ఒకచోటే మార్చండి. రెండు చోట్లా మారిస్తే మళ్లీ మొదటికే వస్తారు.

వాల్యూ బాగుంది, కానీ కదలట్లేదు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నేను దెబ్బ తిన్నది దీనితోనే.

ఒక ట్యాంకు. లెవెల్ ట్రాన్స్‌మిటర్ నుంచి మోడ్‌బస్ మీద గేట్‌వేకి, అక్కడి నుంచి ప్రొఫినెట్ మీద పీఎల్‌సీకి. లెవెల్ 85 శాతానికి చేరగానే పంపు ఆగాలి. కమిషనింగ్ (బిగించి నడిపించి అప్పగించడం) చేసింది నేనే. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఒకరోజు ట్యాంకు పొంగి నేలంతా నీళ్లయ్యాయి. నేను వెళ్లేసరికి కూడా స్క్రీన్ మీద లెవెల్ 62.4 శాతమే. అలారం లేదు, పీఎల్‌సీ మీద ఎర్ర లైటు లేదు. ట్రెండ్ తెరిస్తే, అప్పటిదాకా సన్నగా వణుకుతూ పైకి ఎక్కిన గీత ఒక చోటి నుంచి స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. మూడు గంటలకు పైగా అలాగే. ప్యానెల్ తలుపు తీశాను. గేట్‌వే మీద ప్రొఫినెట్ లైటు పచ్చగా ఉంది. దాని కింద సీరియల్ వైపు చిన్న లైటు ఎర్రగా కొట్టుకుంటోంది. ట్రాన్స్‌మిటర్ టెర్మినల్ దగ్గర బీ వైరుని వేలితో తాకితే ఊడి చేతికొచ్చింది. లగ్ (వైరు చివర తొడిగే లోహపు ముక్క) కొట్టకుండా బిగించిన తీగ, పంపు అదురుకు వదులైపోయింది.

వైరు ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. ఊడిన సంగతి పీఎల్‌సీకి తెలియకపోవడమే అసలు లోపం, ఆ లోపం నా కాన్ఫిగరేషన్‌లో ఉంది.

కారణం ఆ మధ్యలో ఉన్న మెమరీ. స్లేవ్ జవాబివ్వడం మానేస్తే కిందవైపు కొత్తగా రాయడానికి ఏమీ ఉండదు. చివరిసారి రాసిన 62.4 అక్కడే కూర్చుంటుంది. పైవైపు మాత్రం దాన్నే కొన్ని మిల్లీసెకన్లకోసారి తీసి పీఎల్‌సీకి తాజా సరుకులా అందిస్తుంది. ప్రొఫినెట్ కనెక్షన్‌కి ఏ లోటూ లేదు కాబట్టి పీఎల్‌సీ డయాగ్నస్టిక్స్‌లో కూడా ఏమీ దొరకదు.

చాలా గేట్‌వేలలో టైమౌట్ అయితే (గడువులోగా జవాబు రాకపోతే) ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ ఉంటుంది: చివరి వాల్యూ ఉంచడమా, సున్నా చేయడమా. దాన్ని సున్నాకి మార్చి పని అయిపోయిందనుకుంటారు చాలామంది. నా ట్యాంకునే తీసుకోండి. లెవెల్ సున్నా అంటే ట్యాంకు ఖాళీ, అంటే పంపు ఇంకా గట్టిగా నడవాలి. అదీ పొంగేదే. సున్నా కూడా ఒక వాల్యూనే, పీఎల్‌సీ దాన్నీ నమ్ముతుంది.

చేయాల్సింది, ప్రతి స్లేవ్ స్టేటస్‌ని కూడా ఇన్‌పుట్ ఏరియాలోకి (పీఎల్‌సీ చదివే మెమరీ భాగంలోకి) మ్యాప్ చేసి పీఎల్‌సీకి తీసుకురావడం. కొన్నిటిలో స్లేవ్‌కి ఒక బిట్ ఉంటుంది, కొన్నిటిలో ఎర్రర్ కోడ్ ఉన్న బైట్ ఉంటుంది. పీఎల్‌సీలో దానికి టైమర్ పెట్టండి. ఒక్క జవాబు తప్పితే అలారం రాకూడదు కాబట్టి నేను మామూలుగా 5 సెకన్లు పెడతాను, ప్రాసెస్ వేగాన్ని బట్టి తగ్గిస్తాను. ఆ సమయం దాటితే అలారం రావాలి, స్క్రీన్ మీద అంకె రంగు మారాలి, పంపు ఆగాలి. స్టేటస్ బిట్ 1 అంటే బాగున్నట్టా, పాడైనట్టా అన్నది గేట్‌వేని బట్టి మారుతుంది. మాన్యువల్ చదివాక కూడా వైరు పీకి చూసుకోండి.

గేట్‌వేలో స్టేటస్ సదుపాయమే లేకపోతే, స్లేవ్‌లోనే తనంతట తాను మారే రిజిస్టర్ ఏదైనా ఉందేమో వెతకండి. సెకన్ల లెక్క, రన్నింగ్ కౌంటర్ లాంటిది. అది కదలడం ఆగితే కమ్యూనికేషన్ ఆగినట్టే. కొలిచే వాల్యూ కదలట్లేదని మాత్రం అలారం పెట్టకండి. నిలకడగా ఉన్న ట్యాంకులో లెవెల్ నిజంగానే కదలదు. రోజూ ఉత్తుత్తి అలారాలు వస్తుంటే, నెల తిరిగేసరికి దాన్ని ఎవరో ఒకరు ఆపేస్తారు.

ఇదే జబ్బు ఎదురు దిశలోనూ ఉంది, అది ఇంకా ప్రమాదకరం. పీఎల్‌సీ గేట్‌వే ద్వారా డ్రైవ్‌కి రన్ కమాండ్, స్పీడ్ పంపుతోంది. ప్రొఫినెట్ కేబుల్ తెగింది. డ్రైవ్‌లో కమ్యూనికేషన్ పోతే ట్రిప్ అవ్వాలని (తనంతట తాను ఆగిపోవాలని) పెట్టాం కదా అని మీరు ధీమాగా ఉంటారు. కానీ డ్రైవ్‌కి కమ్యూనికేషన్ పోలేదు! గేట్‌వే తన మెమరీలోని ఆఖరి రన్ కమాండ్‌ని దానికి రాస్తూనే ఉంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది. పై నెట్‌వర్క్ పోయినప్పుడు కిందవైపు రాతలు ఆపేసే సెట్టింగ్ గేట్‌వేలో వెతికి పెట్టండి. కొన్ని డ్రైవ్‌లలో రాతలు, చదవడం రెండూ ఆపితేనే టైమౌట్ పని చేస్తుంది, ఎందుకంటే వాటికి చదివే మెసేజ్ వచ్చినా లైను బతికున్నట్టే లెక్క. ఎమర్జెన్సీ స్టాప్‌ని మాత్రం ఎప్పుడూ ఈ దారిలో పంపకండి, దానికి విడిగా హార్డ్‌వైర్ ఉండాల్సిందే.

సైట్ అప్పగించే ముందు ఒక్కో స్లేవ్ వైరు తీసి, చేతిలో గడియారంతో అలారం ఎన్ని సెకన్లకు వచ్చిందో రాసుకోండి. తర్వాత పై కేబుల్ తీసి డ్రైవ్ ఎప్పుడు ఆగిందో రాసుకోండి. కాన్ఫిగరేషన్ కాపీ చేసిన స్లేవ్‌ల దగ్గర కూడా తీసి చూడాలి. 3వ స్లేవ్ నుంచి కాపీ చేసి, అడ్రస్ మార్చి స్టేటస్ మ్యాపింగ్ మార్చడం మర్చిపోతే, 4వ స్లేవ్ ఊడినప్పుడు అలారం రాదు, 3వది ఊడితే రెండూ మొత్తుకుంటాయి.

అన్నీ వస్తున్నాయి, కానీ ఆలస్యంగా

కాగితం మీద లెక్క వేయండి. 9600 బాడ్‌లో 11 బిట్ల అక్షరం (ఒక బైటు) ఒకటి వెళ్లడానికి దాదాపు 1.15 మిల్లీసెకన్లు పడుతుంది. 10 రిజిస్టర్లు చదవాలంటే ప్రశ్న 8 బైట్లు, జవాబు 25 బైట్లు. లైను మీదే 38 మిల్లీసెకన్లు, స్లేవ్ ఆలోచించే సమయం కలిపితే 50 దాకా. పది స్లేవ్‌లకు అర సెకను. ఇప్పుడు అందులో ఒక మీటర్ పవర్ పోయిందనుకోండి. టైమౌట్ 1 సెకను, మళ్లీ అడగడం 3 సార్లు అని ఉంటే ఆ ఒక్కదాని కోసం 4 సెకన్లు పోతాయి, ప్రతి రౌండులోనూ. మిగతా తొమ్మిదీ దాని కోసం కాచుకుని ఉంటాయి.

టైమౌట్‌ని స్లేవ్ నిజంగా తీసుకునే సమయానికి మూడు నాలుగు రెట్లకు తగ్గించండి. మళ్లీ అడగడం ఒక్కసారి చాలు. వరుసగా ఉన్న రిజిస్టర్లను ఒకే ప్రశ్నలో చదవండి. ప్రమాణం ఒకేసారి 125 దాకా ఒప్పుకుంటుంది, అయితే కొన్ని మీటర్లు అంతకంటే తక్కువే ఇస్తాయి. పలకని స్లేవ్‌ని కాసేపు పక్కన పెట్టి అప్పుడప్పుడే అడిగే సదుపాయం ఉంటే ఆన్ చేయండి. స్టేటస్ టైమర్ ఈ పోలింగ్ రౌండు (అన్ని స్లేవ్‌లనూ ఒకసారి అడగడం) కంటే పెద్దదిగా ఉందో లేదో ఇక్కడే మరోసారి చూసుకోండి.

మిగతావి

డ్రైవ్ ఆన్ అయినప్పుడే ఎర్రర్లు వస్తుంటే పవర్ కేబుల్ నుంచి కమ్యూనికేషన్ కేబుల్‌ని దూరం జరపండి, షీల్డ్ ఎర్తింగ్ చూడండి, కామన్ వైరు కలపండి. ఫర్మ్‌వేర్ బగ్ చాలా అరుదు. సీరియల్ పోర్టు నిజంగా కాలిపోవడం ఎక్కువగా పిడుగు పడిన తర్వాతే చూశాను. గేట్‌వేకి ఒక్క స్లేవ్‌ని అరమీటరు వైరుతో నేరుగా కలిపినా పలక్కపోతే, అదే స్లేవ్ అదే వైరు మీద ల్యాప్‌టాప్‌కి పలికితే, అప్పుడు గేట్‌వే మార్చండి.