పాత లాప్‌టాప్‌లో హైకూ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి చూడటం ఎలా?

మా ఇంట్లో అటక మీద పదిహేనేళ్ల నాటి లాప్‌టాప్ ఒకటి పడి ఉండేది. 2 జీబీ ర్యామ్, తిరిగే రకం హార్డ్‌డిస్క్. అందులో విండోస్ పూర్తిగా లేచేలోపు టీ కాచుకుని తాగి రావచ్చు. దాన్ని పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామనుకుంటూ, చివరి ప్రయత్నంగా హైకూ వేసి చూశాను. నిమిషం లోపే డెస్క్‌టాప్ వచ్చి కూర్చుంది.

హైకూ అంటే లైనక్స్ కాదు. పాత కంప్యూటర్లకు తేలికపాటి సిస్టమ్ అనగానే అందరూ ఏదో ఒక లైనక్స్ పేరే చెబుతారు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను. దీని మూలం బీఓఎస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్. ఆపిల్‌లో పెద్ద హోదాలో పనిచేసి బయటికొచ్చిన జాన్ లూయీ గాసే 1990లో బీ అనే కంపెనీ పెట్టి దాన్ని తయారు చేయించారు. 1996లో ఆపిల్ దాన్ని కొనబోయి, చివరికి స్టీవ్ జాబ్స్ కంపెనీ నెక్స్ట్‌ను కొంది. 2001లో బీ ఆస్తులు, అరచేతి కంప్యూటర్లు తయారు చేసే పామ్ కంపెనీ చేతికి వెళ్లాయి. బీఓఎస్ కథ ముగిసిందని తేలిన ఆ ఏడాదే, దాన్ని మొదటి నుంచి మళ్లీ రాసుకుందామని అభిమానులు ఓపెన్‌బీఓఎస్ మొదలుపెట్టారు. 2004లో దానికి హైకూ అని పేరు మార్చారు. బీఓఎస్ బ్రౌజర్‌లో పేజీ దొరక్కపోతే మూడు పాదాల జపనీస్ కవిత ఒకటి కనబడేది, ఆ జ్ఞాపకంగా పెట్టిన పేరిది. ఇప్పటిదాకా కూడా వెర్షన్ 1 పూర్తి కాలేదు. ఆల్ఫా, బీటా అనే ప్రయోగ దశ వెర్షన్లే వస్తున్నాయి: 2009లో మొదటి ఆల్ఫా, 2018లో మొదటి బీటా, 2024 సెప్టెంబర్ 13న ఐదో బీటా వచ్చాయి. ఈ వ్యాసం ఆ ఐదో బీటాను బట్టి రాసింది.

కాబట్టి ఆఫీసు పని చేసుకునే ఒకే ఒక్క కంప్యూటర్‌లో దీన్ని వేయకండి. పాతది ఉంటే అందులో వేయండి, లేదా పెన్‌డ్రైవ్ మీద నడపండి.

1. సరైన ఫైల్ ఎంచుకోండి

హైకూ సైట్‌లో 32 బిట్, 64 బిట్ అని రెండు రకాలుంటాయి. 32 బిట్ రకానికి కనీసం 384 ఎంబీ ర్యామ్ చాలు, పెంటియం 2 మీద కూడా నడుస్తుంది. పాత బీఓఎస్ ప్రోగ్రాములు నడిచేది కూడా అందులోనే. ఆ సరదా లేకపోతే, ప్రాసెసర్ ఒప్పుకుంటే 64 బిట్ తీసుకోండి. కోర్ 2 డుయో నుంచి ఇటు వచ్చినవన్నీ దాదాపుగా ఒప్పుకుంటాయి. 2 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది.

ఫైల్ పేరులో ఎనీబూట్ అని ఉంటుంది. ఒకే ఇమేజ్‌ను, అంటే డిస్క్ మొత్తానికి నకలైన ఫైల్‌ను, డీవీడీ మీదా, పెన్‌డ్రైవ్ మీదా, వర్చువల్ మెషీన్‌లోనూ (ఉన్న కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) వాడుకోవచ్చని దాని అర్థం. పాత కంప్యూటర్ అసలు లేనివాళ్లు వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషీన్ ఒకటి సృష్టించి, 2 జీబీ ర్యామ్ కేటాయించి, ఈ ఇమేజ్‌తో బూట్ చేస్తే సరి. వాళ్లు తర్వాతి మెట్టు దాటేయొచ్చు.

2. పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించండి

4 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్ తీసుకోండి. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ఎచర్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఇమేజ్‌నూ, పెన్‌డ్రైవ్‌నూ చూపించి ఫ్లాష్ నొక్కితే చాలు. అలాంటిదే అయిన రూఫస్ వాడేవాళ్లు, ఇమేజ్‌ను ఉన్నదున్నట్టు రాసే డీడీ మోడ్ ఎంచుకోవాలి, మామూలుగా ఫైళ్లు కాపీ చేస్తే బూట్ కాదు. ఏ డ్రైవ్‌కు రాస్తున్నామో రెండుసార్లు చూసుకోండి. నేను తొందరలో పెళ్లి ఫొటోలున్న డ్రైవ్‌ను ఎంచుకుని, ఆఖరి క్షణంలో ఆగాను.

పని పూర్తయ్యాక ఆ పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడగొచ్చు. వద్దని చెప్పండి. హైకూ ఫైల్ సిస్టమ్ దానికి అర్థం కాక అలా అడుగుతుంది.

3. బూట్ చేయండి

కంప్యూటర్ ఆన్ చేయగానే ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్‌లలో మీ మోడల్‌కు ఏది పనిచేస్తే అది నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. కొత్త తరం కంప్యూటర్ అయితే ముందుగా సెట్టింగుల్లోకి వెళ్లి, తెలియని సిస్టమ్‌లను లేవనివ్వని సెక్యూర్ బూట్ ఆపాలి.

తెర నల్లగా ఉండిపోయినా, బూట్ అయ్యేటప్పుడు కనబడే బొమ్మల దగ్గరే ఆగిపోయినా కంగారు పడకండి. మళ్లీ ఆన్ చేసి, పాత బయాస్ పద్ధతిలో లేచే కంప్యూటర్‌లో అయితే షిఫ్ట్ పట్టుకుని ఉంచండి, దాని స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి యూఈఎఫ్ఐలో అయితే స్పేస్ బార్ తడుతూ ఉండండి. బూట్ మెనూ వస్తుంది. అందులో సేఫ్ మోడ్, ఫెయిల్‌సేఫ్ వీడియో మోడ్ లాంటివి ఉంటాయి. చాలాసార్లు వీడియో మోడ్ మార్చితే దారిలో పడుతుంది.

మొదట భాష, కీబోర్డ్ అడిగి, ఆ తర్వాత ఇన్‌స్టాల్ చేస్తారా, ఊరికే ప్రయత్నిస్తారా అని అడుగుతుంది. ఇప్పుడు ప్రయత్నించడమే ఎంచుకోండి. మీ హార్డ్‌డిస్క్ జోలికి అది వెళ్లదు. ఇంకో సంగతి ఏమిటంటే, పెన్‌డ్రైవ్ మీద మీరు చేసిన మార్పులు అక్కడే నిలిచి ఉంటాయి. కాకపోతే ఖాళీ జాగా కొద్దిగానే మిగులుతుంది.

4. చేతికి అలవాటు చేసుకోండి

లాగిన్ ఉండదు, పాస్‌వర్డ్ అడగదు. ఇది ఒక్క మనిషి వాడే సిస్టమ్‌గానే ఉంది, భద్రత ముఖ్యమైన పనులకు వద్దనడానికి అదొక కారణం. కుడివైపు పైన ఉన్న పట్టీ పేరు డెస్క్‌బార్. దాని మీది ఆకు బొమ్మ నొక్కితే మెనూ. ఫోల్డర్ల పని చూసేది ట్రాకర్.

మొదటి గంటలో చిరాకు పెట్టేది కీబోర్డే. కాపీ చేయడానికి కంట్రోల్ కాదు, ఆల్ట్ పట్టుకుని సీ నొక్కాలి. వేళ్లు మాట వినకపోతే ప్రిఫరెన్సెస్‌లో కీమ్యాప్ తెరిచి విండోస్ పద్ధతికి మార్చుకోవచ్చు. విండోల పైఅంచున, పేరు రాసి ఉండే పసుపు రంగు చెవులుంటాయి. విండోస్ కీ పట్టుకుని ఒక విండో చెవిని ఇంకో విండో చెవి మీదికి లాగితే రెండూ బ్రౌజర్ ట్యాబుల్లా ఒకే చోట అతుక్కుంటాయి, వేరే వేరే ప్రోగ్రాములవైనా సరే.

వైఫై దొరకకపోతే కేబుల్ పెట్టి చూడండి. ఇక్కడి నెట్‌వర్క్ డ్రైవర్లలో చాలావరకు ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ అనే వేరే సిస్టమ్‌ల నుంచి తెచ్చుకున్నవి, కాబట్టి వాటిలో పనిచేసే కార్డు ఇక్కడా పనిచేసే అవకాశం ఎక్కువ.

5. క్వెరీ ఒకటి రాసి చూడండి

నా వరకు హైకూ వేయడానికి అసలు కారణం ఇదే. ఇక్కడి ఫైల్ సిస్టమ్‌లో ఫైల్‌కు పేరు, సైజు, తేదీలే కాక మనం కోరిన లక్షణాలూ అంటిపెట్టుకుని ఉంటాయి, వాటిని డేటాబేస్‌లా వెతకొచ్చు, ఆ వెతుకులాటే క్వెరీ. పీపుల్ అనే ప్రోగ్రాం తెరిచి నలుగురు బంధువుల వివరాలు రాసి సేవ్ చేయండి. ఒక్కొక్కరికీ ఒక్కో ఫైల్ ఏర్పడుతుంది. ఫోల్డర్ తెరిచి, అట్రిబ్యూట్స్ మెనూలో ఊరు, ఫోన్ లాంటివి ఎంచుకుంటే అవి ట్రాకర్‌లోనే నిలువు వరసలుగా కనబడతాయి. అడ్రస్ బుక్ కోసం వేరే ప్రోగ్రాం అక్కర్లేదు, ఫోల్డరే అడ్రస్ బుక్.

ఇప్పుడు ఫైండ్ తెరిచి, ఫైల్ రకం దగ్గర పర్సన్, వెతికే పద్ధతి దగ్గర అట్రిబ్యూట్ ఎంచుకుని ఊరు గుంటూరు అని అడగండి. ఫలితాల విండో తెరిచే ఉంచి ఇంకో గుంటూరు బంధువును చేర్చండి. మీరేమీ నొక్కకుండానే ఆ పేరు అక్కడికొచ్చి చేరుతుంది. మెయిళ్లు కూడా ఇలా ఒక్కొక్కటీ ఒక్కో ఫైలే. ఇంత సులువైన సదుపాయం ఇన్నేళ్లలో మిగతా సిస్టమ్‌లు ఎందుకు పెద్దగా పట్టించుకోలేదో నాకైతే అంతుపట్టదు.

6. ప్రోగ్రాములు వేసుకోండి, పాడైతే వెనక్కి వెళ్లండి

హైకూడిపో అనే ప్రోగ్రాంలోంచి కావలసినవి దించుకోవచ్చు. ప్యాకేజీలోని ఫైళ్లను ఇది డిస్కంతా పరచదు. ప్యాకేజీ ఒకే ఫైల్‌గా ఒకచోట ఉంటుంది, లోపలి సరుకు అక్కడి నుంచే కనబడుతుంది. ఆ ఫైల్ తీసేస్తే ప్రోగ్రాం పోయినట్టే. అప్‌డేట్ తర్వాత ఏదైనా చెడితే, ఇందాకటి బూట్ మెనూలో పాత తేదీ ఉన్న స్థితిని ఎంచుకుని బూట్ చేస్తే పాత ప్యాకేజీలతో లేస్తుంది.

3డీ ఆటలు మాత్రం ఆశించకండి. బీటా 5లో 3డీ భారమంతా ప్రధాన ప్రాసెసర్ మీదే పడుతుంది.

7. నచ్చితే డిస్క్‌లో వేసుకోండి

ముందు మీ ఫైళ్లు వేరే చోట దాచుకోండి. ఇన్‌స్టాలర్‌లోంచి డ్రైవ్‌సెటప్ తెరిచి, ఖాళీ పార్టిషన్‌ను బీ ఫైల్ సిస్టమ్‌గా ఫార్మాట్ చేసి, దాన్ని గమ్యంగా చూపించి మొదలుపెట్టండి. ఎక్కువ సేపేమీ పట్టదు. పాత బయాస్ కంప్యూటర్‌లో బూట్ మెనూ ఏర్పాటు కూడా అక్కడి టూల్స్ మెనూలోనే ఉంది. యూఈఎఫ్ఐలో అయితే సిస్టమ్‌ను లేపే బూట్ లోడర్ ఫైల్‌ను ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకి చేర్చాలి, కొత్తవాళ్లకు అది తలనొప్పి వ్యవహారం. ఇదే ఇన్‌స్టాలర్‌తో పెద్ద పెన్‌డ్రైవ్ ఒకదాని మీద వేసుకుంటే జాగా ఇబ్బందీ తీరుతుంది, డిస్కూ భద్రంగా ఉంటుంది. నేను అదే చేశాను.

8. కోడ్ రాసేవాళ్లకు

కంపైలర్ సిస్టమ్‌తోనే వస్తుంది. సీ ప్లస్ ప్లస్ వస్తే, బీఅప్లికేషన్, బీవిండో, బీవ్యూ అనే మూడు క్లాసులతో ఓ చిన్న విండో రాసి, బీ లైబ్రరీని లింక్ చేస్తే పని అయిపోతుంది. ప్రతి విండో తన సొంత థ్రెడ్‌లో నడుస్తుంది. పాత ప్రాసెసర్ మీద కూడా మౌస్ నొక్కగానే పలికే గుణం ఎక్కువగా అక్కడి నుంచి వచ్చిందే. ఒకే డేటాను రెండు విండోలు ముట్టుకుంటే, ఒకేసారి మార్చకుండా ఆపే తాళాల (లాక్‌ల) సంగతి మీరే చూసుకోవాలి, అక్కడ జాగ్రత్త.

సిస్టమ్ కోడ్‌లో ఎక్కువభాగం, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్స్ కింద ఉంది. హైకూ లోంచే హైకూను కంపైల్ చేయొచ్చు. మార్పులు గెరిట్ అనే కోడ్ పరిశీలన సైట్‌లో పెడితే పాతకాపులు చూసి వ్యాఖ్యలు రాస్తారు. ఎక్కువమంది స్వచ్ఛందంగా చేసేవాళ్లే. హైకూ ఇంక్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2021లో విరాళాల డబ్బుతో ఒక డెవలపర్‌ను పూర్తి సమయానికి పెట్టుకుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ సొంత పని ఒకటుంది. హైకూ సొంత ప్రోగ్రాముల్లో అక్షరాలను గీసే భాగానికి మన లిపిని కలిపి కూర్చడం రాదు, ఒక్కో గుర్తునూ విడివిడిగా పేర్చుకుంటూ పోతుంది. తెలుగు ఫాంట్ వేసి, స్టైల్‌డ్‌ఎడిట్ అనే ఎడిటర్‌లో స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి అని ఉన్న ఫైల్ తెరిచి చూడండి. ఒత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడి ఉంటాయి. ఆ తెరను ఫొటో తీసి, బగ్ పట్టికలో ఇదే సమస్య మీద ఇప్పటికే ఏముందో వెతికి, దాని కిందే జత చేయండి.