బోరు గాలి కక్కుతోందా? బోరు బండిని పిలిచే ముందు ఇవి చూడండి

అనంతపురం వైపు ఏడాదికి సగటున కురిసేదే 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. కింద గట్టి రాయి. నీళ్లు నిలిచేది పైన మెత్తబడిన పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే. ఒక్క ఏడాది వాన ముఖం చాటేస్తే చాలు, ఎండాకాలం మొదట్లోనే బోర్లు మొరాయిస్తాయి. వెంటనే అప్పు చేసి కొత్త బోరు వేయిస్తారు. అది ఫెయిలైతే ఆ కుటుంబం తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి ముందు పాత బోరుకు ఏమైందో తేల్చుకోండి.

నీళ్లు కాసేపు బాగానే వచ్చి, తర్వాత గాలితో ఎగిరెగిరి పడుతున్నాయి

ప్యానెల్ బోర్డు మీద ఆంప్స్ ముల్లు (మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూపేది) చూడండి. గాలి కక్కే సమయానికి ముల్లు కిందికి జారి ఊగుతుంటే, బోరులో నీళ్లు పంపు దాకా దిగిపోయాయని అర్థం. ఆంప్స్ మామూలుగానే ఉండి ధార మాత్రం సన్నబడితే లోపం నీళ్లది కాదు. పైపుకు చిల్లు పడి ఉండొచ్చు, ఇంపెల్లర్లు (పంపులో నీళ్లను పైకి తోసే చక్రాలు) అరిగి ఉండొచ్చు. మోటారు ఆడుతుండగా కేసింగ్ (బోరులో పైభాగాన దించే గొట్టం) మూతి దగ్గర చెవి పెట్టి వినండి. చిల్లు ఉంటే నీళ్లు లోపలికి రాలుతున్న చప్పుడు వినిపిస్తుంది. వోల్టేజీ తగ్గి ఆంప్స్ పెరిగితే మోటారు వెంటనే ఆపేయండి, వైండింగ్ (లోపలి తీగ చుట్ట) కాలిపోతుంది.

నీళ్లే తగ్గాయని తేలితే చాలామంది ఇంకా పెద్ద హెచ్‌పీ మోటారు దించుతారు. అది పొరపాటు. పగుళ్లలోంచి గంటకు ఎంత ఊరుతుందో అంతే వస్తుంది. పెద్ద మోటారు ఆ కాస్తనూ ముందే తోడేసి ఒట్టిగా తిరుగుతుంది. గేటు వాల్వు కొంచెం మూసి ధార తగ్గించండి. ఒక గంట ఆడించి, రెండు మూడు గంటలు ఊరనివ్వండి. నీళ్లు అందనప్పుడు మోటారును ఆపేసే డ్రై రన్ రిలే ప్యానెల్లో పెట్టించండి. మోటారు కాలితే అయ్యే ఖర్చు ముందు దాని ధర చాలా తక్కువ.

బోరు లోతుగా వేస్తే నీళ్లు గ్యారంటీ అన్న మాట నమ్మకండి. మన రాతి నేలల్లో లోతుకు పోయేకొద్దీ సాధారణంగా పగుళ్లు తగ్గుతాయి.

పక్క పొలంలో మోటారు వేస్తే మన బోరు ఆగిపోతోంది

రెండు బోర్లూ ఒకే పగులు మీద ఉన్నాయి. పోటీపడి ఇంకా లోతుకు దించితే ఇద్దరూ మునుగుతారు. కూర్చుని మాట్లాడుకుని వంతులు పెట్టుకోవడమే దారి. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయకూడదు. ఊరంతా తాగే నీళ్ల విషయంలో ఈ నిబంధన ఇంకా గట్టిగా అమలు కావాలని నా అభిప్రాయం.

నీళ్లలో ఇసుక, బురద

పంపు అడుగుకు మరీ దగ్గరగా ఉంది, లేదా కేసింగ్ పగిలింది. ఒక పైపు పైకి లేపి చూడండి.

తాగే నీళ్లు ఉప్పగా మారాయి. పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు

రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీళ్లలో లవణాలు, ఫ్లోరైడ్ పెరుగుతాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. రుచిని బట్టి ఫ్లోరైడ్ తెలియదు కాబట్టి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ నీళ్లు తాగడానికి, వండడానికి మాత్రం వాడి, వృథాగా పోయే నీళ్లను అంట్లకు పట్టండి.

ట్యాంకర్ నీళ్లయితే వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, గంట ఆగి వాడండి. కుళాయి కొన్ని రోజులకోసారి వచ్చే చోట మొదటి బిందెలు పారబోయండి. ఖాళీ గొట్టాల్లోకి మురుగు చేరుతుంది. కుళాయికి మోటారు బిగిస్తే ఆ మురుగును మనమే లాక్కున్నట్టు.

చీనీ (బత్తాయి) చెట్లు ఆకు ముడుస్తున్నాయి

ఉన్న నీళ్లు అన్ని చెట్లకూ చాలవు. కాయలు కోసేసి చెట్టును బతికించుకోండి. కాపు పోతే ఒక ఏడాదే నష్టం, చెట్టు పోతే మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు కావాలి. పాదులో వేరుశనగ పొట్టు దట్టంగా పరచండి, తడి నిలుస్తుంది. డ్రిప్పు సాయంత్రం వదలండి. చెట్టుకు నీళ్లందించే సన్న గొట్టాలు (మైక్రోట్యూబులు) ఉప్పు పట్టి పూడిపోయాయేమో ఒక్కొక్కటీ చూడండి. కొన్ని చెట్లకు అసలు చుక్క అందకపోవడం మామూలే.

వాన పడినా బోరు కోలుకోవడం లేదు

వాన నీళ్లు పొలంలో నిలవకుండా పారిపోతున్నాయి. వానలకు ముందే కేసింగ్ చుట్టూ గుంత తీసి, గొట్టానికి రంధ్రాలు వేసి, నైలాన్ జాలీ గట్టిగా చుట్టండి. అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, పైన ఇసుక నింపండి. పారే నీళ్లు ముందుగా వేరే చిన్న గుంతలో బురద వదిలి ఇందులోకి రావాలి. పశువుల కొట్టం నుంచీ, ఎరువు వేసిన మడి నుంచీ వచ్చే నీళ్లను మాత్రం దీనిలోకి రానివ్వకండి.