హెడ్‌ఫోన్‌కి మదర్‌బోర్డు జాక్ చాలా, యూఎస్‌బీ డాంగిల్ కొనాలా?

డెస్క్‌టాప్‌లో హెడ్‌ఫోన్‌ని కేబినెట్ ముందు జాక్‌లో గుచ్చి, గరగర వినగానే బోర్డు సౌండ్ దండగ అని తేల్చేస్తుంటారు. తప్పు చాలాసార్లు ఆ జాక్‌ది. దాని నుంచి సన్నటి వైరు గ్రాఫిక్స్ కార్డు పక్కగా బోర్డు దాకా పోతూ దారిలో ఉన్న రొదనంతా పట్టుకుంటుంది. పాట ఏమీ పెట్టకుండా, రోజూ వినే వాల్యూమ్‌లోనే ఉంచి మౌస్ కదపండి, గేమ్ ఒకటి తెరవండి. కీచుమంటే వెనకున్న ఆకుపచ్చ జాక్‌కి మార్చి మళ్లీ వినండి.

అక్కడ రొద లేకపోయినా ఇంకో చిక్కుంది: ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కి జాక్ వైపే ఉండే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు. కొన్ని బోర్డుల్లో వెనక జాక్‌కి ఇది 75 ఓమ్‌ల దాకా ఉంటుంది. దానికి 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే వాల్యూమ్ సుమారు 10 డెసిబెల్స్ పడిపోతుంది. ఇంపెడెన్స్ ఫ్రీక్వెన్సీతో పాటు మారే ఇయర్‌ఫోన్లయితే స్వరమే మారిపోతుంది. జాక్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్‌ది ఎంతో అందులో ఎనిమిదో వంతుకి మించకూడదని లెక్క.

కొలవడం తేలికే. పాత 3.5 ఎంఎం వైరు కోసి ఒక చానెల్ తీగ, గ్రౌండ్ తీగ బయటికి తీయండి. 100 హెర్ట్జ్ టోన్ నడిపించి మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి చూడండి. చవక మీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర తప్పు చూపించొచ్చు, అందుకే తక్కువ ఫ్రీక్వెన్సీ. తర్వాత ఆ రెండు తీగల మధ్య 33 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి మళ్లీ కొలవండి. మొదటి అంకెని రెండోదానితో భాగించి, 1 తీసేసి, 33తో గుణించండి. 0.30 వోల్టులు 0.09కి పడితే దాదాపు 77 ఓమ్‌లన్నమాట. ఇలాంటి జాక్ మీద తక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్ వాడేవాళ్లకి యూఎస్‌బీ డాంగిల్ (సొంత సౌండ్ చిప్ ఉన్న చిన్న అడాప్టర్) నిజంగా పనికొస్తుంది.

బోర్డు జాక్, డాంగిల్ రెండూ పక్కపక్కన విని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయకపోతే ఆ పోలిక చెల్లదు. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. హెడ్‌ఫోన్ తగిలించి (చెవులకి మాత్రం పెట్టుకోకండి) రెండింట్లోనూ వోల్టులు 2 శాతం తేడాలోపు ఉండేలా సర్దండి. విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ రెండు డివైస్‌లకీ ఆఫ్ చేయండి. జాక్ మార్చే పని పక్కవాళ్లకి అప్పజెప్పి, ఏది ఏదో చెప్పొద్దనండి.

కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. టైప్-సీ నుంచి 3.5 ఎంఎంకి మార్చే చవక కన్వర్టర్లలో కొన్నిట్లో చిప్పే ఉండదు, అవి చాలా ల్యాప్‌టాప్‌లలో మోగవు. డీఏసీ (డిజిటల్ సిగ్నల్‌ని హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే చిప్) ఉందని రాసి ఉన్నదే తీసుకోండి. 7.1 అని స్టిక్కర్ వేసిన చిన్న డాంగిల్‌కి హెడ్‌ఫోన్ జాక్ ఒక్కటే ఉంటే బయటికొచ్చేది రెండు చానెళ్లే. యాపిల్ డాంగిల్ కంప్యూటర్‌లో సుమారు 1 వోల్టు ఇస్తుంది, యూరప్ మోడల్ మాత్రం అందులో సగమే. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్లకి 1 వోల్టు మామూలుగా సరిపోతుంది, 300 ఓమ్‌ల వాటికి కొన్ని రికార్డింగుల్లో చాలదు.

ల్యాప్‌టాప్‌కి కరెంటుతో నడిచే ఆంప్ (యాంప్లిఫయర్) కలిపినప్పుడు గుంయ్‌మంటుంటే ముందు చార్జర్ పీకి చూడండి. శబ్దం ఆగితే అది గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్ తీగలు కలిసి చుట్టులా ఏర్పడి రొద తేవడం), మామూలు డాంగిల్ మార్చినా పోదు.