లేపాక్షి పైకప్పు బొమ్మను అరచేతంత కాగితం మీదికి దించడం ఎలా

లేపాక్షికి వెళ్ళినవాళ్ళు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, నంది దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. ఈసారి మండపంలో తలెత్తి చూడండి. విజయనగర కాలపు బొమ్మలు, 16వ శతాబ్దం నాటివి, చాలాచోట్ల పెచ్చులూడి పోతున్నాయి. ఫోటోలు బోలెడు ఉన్నాయి నిజమే, కానీ ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఒంపు తిరిగిందో మనమూ గీస్తేనే చేతికి పడుతుంది.

పార్వతీ కల్యాణం మొత్తం వేయాలని ఆశపడొద్దు. చీర కట్టు బాగా కనిపించే ఒక్క స్త్రీ బొమ్మ చాలు. ఫ్లాష్ లేకుండా ఫోటో తీసుకోండి, అక్కడే కూర్చుని పెన్సిల్‌తో కూడా ఒకసారి గీయండి.

కాగితానికి మూడు డ్రాయింగ్ షీట్లను మైదా గంజితో అంటించి, బరువు కింద ఆరబెట్టండి. పురుగు పట్టకుండా గంజిలో చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు, అది విషం, చేతులు కడుక్కోండి. ఆరాక నున్నటి గులకరాయితో మెరుపు వచ్చేదాకా రుద్దాలి.

అసలు పని రంగుల్లో ఉంది. ఎర్రమన్ను నీళ్ళలో కలిపి, ఇసుక అడుగుకు దిగగానే పైనున్న ఎర్రనీళ్ళు వేరే గిన్నెలోకి వంచి, పేరుకున్న మెత్తటి ముద్దను ఆరబెట్టి, నానబెట్టిన తుమ్మబంకతో నూరండి. పసుపుపచ్చ మట్టికీ ఇదే పద్ధతి. వంటింటి పసుపు మాత్రం వద్దు, వెలుతురుకు వెలిసిపోతుంది. నలుపుకు దీపం మసి. పాతవాళ్ళు ఎరుపుకు వాడిన ఇంగిలీకంలో పాదరసం, పసుపుపచ్చకు వాడిన హరిదళంలో ఆర్సెనిక్ ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవద్దు. ముందు చిన్న ముక్క మీద పూసి, ఆరాక వేలితో రుద్ది చూడండి: రంగు వేలికంటితే బంక తక్కువైంది, పగుళ్ళిస్తే ఎక్కువైంది.

పెన్సిల్ బొమ్మను ఈ కాగితం మీదికి దించుకున్నాక ముందు లేత రంగులు, తర్వాత చీర మీది పువ్వులు, గళ్ళు, చివరికి నల్లగీత. లేపాక్షి బొమ్మకు ప్రాణం ఆ గీతే. మూడు సున్నాల (000 నంబరు) సన్నటి కుంచె తీసుకుని, ఊపిరి బిగబట్టి, ముక్కు నుంచి గడ్డం దాకా ఒకే లాగు లాగండి. పక్కకు తిరిగిన ముఖంలో పెద్దగా విప్పారిన ఆ కన్ను నాకెంతో ఇష్టం, దాన్ని తొందరపడి వేయకండి, ముందు పాత కాగితాల మీద యాభైసార్లు గీసి చేయి కుదిరాకే అసలుదాని మీదికి రండి.

పైకప్పు మీద రాలిపోయిన భాగాన్ని ఊహించి నింపొద్దు, ఖాళీగానే వదిలేయండి. వెనక పెన్సిల్‌తో ఏ మండపం, ఏ దిక్కు, ఏ తేదీన చూసింది రాయండి.